దొరసానితో ఒక చలికాలం

గుదైబియా పేటలో మా లాండ్రీకి ఈ మధ్య తిరుపతి అని ఒకతను కొత్తగా పనికి వచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి, జగిత్యాల పక్క ఊరు. అతను దిగిన వారానికే ఉత్తరపు గాలి మొదలైంది. ఒక పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికి పొట్టి చేతుల చొక్కాలో, రెండు చేతులూ చంకల్లో దోపుకుని, వేడెక్కుతున్న ఇస్త్రీపెట్టె మీదికి వంగి నిలబడ్డాడు. "ఏం సలి కాకా ఇది! దుబాయంటే ఎండలని చెప్పిండ్రు గదా" అన్నాడు. "ఇది దుబాయి గాదురా, బహ్రెయిన్" అన్నాను. "ఏదైతేంది కాకా, మనోళ్లకు అన్నీ దుబాయే" అన్నాడు పళ్లు టకటకలాడిస్తూ. నాకు నవ్వాగలేదు. లోపల ఎవరో ఇచ్చి మళ్లీ రాని కోటు ఒకటి ఏళ్లుగా వేలాడుతోంది, దాన్ని తీసి అతని భుజాల మీద వేశాను. ఆ నవ్వు మాత్రం అతన్ని చూసి వచ్చింది కాదు. నా మొదటి చలికాలం గుర్తొచ్చి వచ్చింది.

మేం కురుమలం. మా ఇంట్లో పుట్టినవాళ్లకు పాల వాసన కంటే ముందు ఉన్ని వాసన తెలుస్తుంది. బాపు గుంటమగ్గంలో కూర్చుని గొంగడి నేస్తుంటే, అవ్వ చింతగింజలు వేయించి, రుబ్బి, గంజి కాచి నూలుకు పట్టించేది. ఇల్లంతా ఆ గంజి వాసనా, తడిసిన గొర్రెబొచ్చు వాసనా కలిసి ఒక ముద్దలా ఉండేవి. బడికి వెళ్తే పక్కన కూర్చున్నవాడు ముక్కు మూసుకునేవాడు. మా తాతకైతే గొంగడి కూడా అక్కర్లేదు. చలి మరీ ముదిరితే మంద మధ్యకు వెళ్లి రెండు పెద్ద గొర్రెల నడుమ పడుకుని, తెల్లారేసరికి మనిషి కనబడకుండా గురక మాత్రం వినబడేలా ఉండేవాడు. నేను ప్రయాణమయ్యే రోజు అవ్వ కొత్త గొంగడి ఒకటి మడిచి సూట్‌కేసులో పెట్టింది. "దుబాయిల సలేందే అవ్వా, ఆడ ఎండకు గుడ్లు ఉడుకుతయట" అన్నాను. "యాడికి వోయినా రాత్రయితది గదా బిడ్డా, పెట్టుకపో" అంది. ఆమె మామిడి తొక్కు డబ్బాకు గుడ్డ కట్టడానికి అటు తిరగగానే గొంగడి తీసి దూలానికి వేసి, ఆ జాగాలో రెండు టెర్లిన్ చొక్కాలు సర్దాను. అప్పట్లో నాకు చొక్కాల మీద ఉన్నంత మక్కువ దేని మీదా లేదు.

నాకు పని దొరికిన ఇల్లు బుసైతీన్‌లో, సముద్రం గాలి తిన్నగా తగిలే వీధిలో ఉండేది. ఇంటి పెద్దను అందరూ బూ రాషిద్ అనేవారు, అంటే రాషిద్ తండ్రి. ఆయనే నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమాని. పొడుగాటి మనిషి, నడుస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని, ఏదో పోగొట్టుకున్నవాడిలా నేల చూస్తూ నడిచేవాడు. ఆయన భార్య ఉమ్ రాషిద్. ఇంట్లో వంట చేసేది హంజా, మలబారు నుంచి వచ్చిన పెద్దాయన. మొదటి రోజే నన్ను వంటింట్లో కూర్చోబెట్టి హిందీలో పాఠం చెప్పాడు. "ఆయన్ని బాబా అనాలి. ఆమెను మామా అనాలి. ఆమె పిలిస్తే జీ మామా అని పరుగెత్తాలి." మా ఊళ్లో మామ అంటే మీసాలున్న మనిషి. ఆమె మొదటిసారి "రాజూ!" అని కేకేసినప్పుడు "జీ మామా" అనబోయి నవ్వొచ్చి నోరు మూసుకున్నాను. నా పేరు రాజేశం. ఆ ఇంట్లో ఎవరి నోటికీ అది పూర్తిగా పట్టలేదు.

అంట్లు తోమడం, ముంగిలి కడగడం, సామాన్ మోయడం నా పనులు. వాటితో పాటు ఎవరూ ముందుగా చెప్పని పని ఇంకొకటి ఉంది. మగవాళ్లు కూర్చుని కబుర్లాడే ముందుగదిలో, పరిచిన తివాచీ మధ్య, పుట్టగొడుగు ఆకారంలో ఉన్న గూటం మీద ఒక ఆడ డేగ కూర్చుని ఉండేది. దాని పేరు షేఖా, అంటే దొరసాని. దాని కళ్లకు తోలు టోపీ ఒకటి తొడిగేవారు, దాన్ని వాళ్లు బుర్ఖా అనే పిలుస్తారు. ఇంటి ఆడవాళ్లెవరికీ లేని బుర్ఖా పిట్టకు ఉండటం నాకు వింతగా తోచింది. దొరసానికి రోజూ పావురం మాంసం తేవాలి, గూటం కింద తివాచీ తుడవాలి, సాయంత్రం పెరట్లో నీళ్లు చిలకరించాలి. దాన్ని ముట్టుకోవడం మాత్రం బాబా వంతు. నాకు అదంటే ప్రాణభయం. టోపీ తీసినప్పుడు అది తల తిప్పి చూసే చూపు, పటేలు ఇంట్లో చేతులు కట్టుకుని నిలబడ్డ రోజుల్ని గుర్తుచేసేది. నేను మనసులో "దండం దొరసాని" అనుకుని పక్కకు తప్పుకునేవాడిని.

చలి ఎలా వచ్చిందో చెప్పాలి. ఎండాకాలమంతా ఉడికిపోయిన మనిషికి నవంబరు హాయిగా ఉంటుంది, డిసెంబరు ముద్దుగా ఉంటుంది, జనవరిలో ఒకరోజు పొద్దున్నే సముద్రం మీంచి గాలి వచ్చి నేరుగా ఎముకను పట్టుకుంటుంది. ఆ గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఎన్ని బట్టలేసుకున్నా అది దారి తెలుసుకుని లోపలికి వస్తుంది. నేను నా చొక్కాలన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగి ముంగిలి కడుగుతుంటే ఉమ్ రాషిద్ చూసి, లోపలికి పోయి తన పాత స్వెటరు తెచ్చి ఇచ్చింది. గులాబీ రంగు, ఎదమీద పెద్ద పువ్వు. వేసుకోక తప్పలేదు. వీధిలో నన్ను చూసి పక్కింటి డ్రైవరు వంగి సలాము చేశాడు. ఆమె లెక్కలో చలి మనిషిలోకి చెవుల్లోంచీ అరికాళ్లలోంచీ దూరుతుంది. "చెవులు మూసుకో, రాజూ!" అని ఎక్కడున్నా అరిచేది. మా అవ్వ కూడా అచ్చం అదే మాట, అదే గొంతుతో అనేది. సాయంత్రాలు ఆమె ఎండిన నల్ల నిమ్మకాయలు చితక్కొట్టి కషాయం కాచేది. పాలలో అల్లం వేసి మరిగించేది. సాంబ్రాణి ధూపం మీద చెక్క చట్రం పెట్టి మగవాళ్ల దుస్తులు దాని మీద ఆరబెట్టేది. ఆ పొగ పట్టిన బట్ట తొడుక్కుంటే కాసేపు ఒంటికి ఇల్లు కట్టినట్టు ఉండేది.

ఆ చలికాలం చివర్లో బాబా ఆఖరి వేటకు బయలుదేరాడు. వేట బహ్రెయిన్‌లో కాదు, వంతెన దాటి సౌదీ వైపు వెళ్లి, అక్కణ్ణించి ఉత్తరాన చాలా దూరం ఎడారిలోకి పోవాలి. కాలం అయిపోవస్తోంది. పిట్టలు తగ్గాయి, మిగిలినవి మనిషి వాసన పసిగట్టడం నేర్చాయి. దొరసానికి రెక్కల ఈకలు అరిగాయి, కొద్ది వారాల్లో రాల్చి కొత్తవి వేసుకుంటుంది. అందుకే మామా వద్దంది. "చలి తిరగబడుతోంది. నీకేమైనా ఇరవై ఏళ్లా?" అని ఆమె, "ఒక్కసారి. ఆఖరుది" అని ఆయన. ఇలా మూడు సాయంత్రాలు జరిగాక ఆమె తమ్ముడు ఖాలిద్ తోడు వస్తానన్నాడు. ఖాలిద్ లావుగా, నవ్వుతూ ఉండే మనిషి. వేట కంటే వేటలో వండే అన్నం మీద ఆయనకు ఎక్కువ ఆశ. వంటకు హంజా, అడ్డమైన పనులకు నేను. నలుగురం, రెండు పికప్పులు, ఒక దొరసాని. బయలుదేరేటప్పుడు మామా నా మీదికి ఒక ఫర్వా విసిరింది. ఫర్వా అంటే లోపల గొర్రెతోలు కుట్టిన పొడుగాటి అంగీ. తల దూర్చగానే మా ఇంటి వాసన వచ్చింది. అవ్వ పెట్టిన గొంగడి వద్దన్నవాడిని సముద్రాలు దాటి వచ్చి గొర్రెబొచ్చులోనే దూరాల్సి వచ్చిందని ఆ వంతెన మీద వెళ్తూ నాలో నేనే నవ్వుకున్నాను.

అక్కడి చలి బుసైతీన్ చలి కాదు. పొడిగా, నిశ్శబ్దంగా ఉంటుంది. పొద్దున లేచేసరికి నీళ్ల డబ్బా పైన పలచటి గాజుపొర కట్టేది. దాన్ని వేలితో పొడిచి విరగ్గొట్టడం నాకు ఆటగా ఉండేది, ఆ నీళ్లతో మొహం కడుక్కునే వరకూ. ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడం అక్కడ ఒక పూర్తికాలం డ్యూటీ. హంజా చొక్కా లోపల పాత పేపర్లు పొరలుగా పరుచుకునేవాడు, ఆయన వంగితే గరగరమని చప్పుడు. ఖాలిద్ తింటూనే ఉండేవాడు, అదే తన మందు అనేవాడు. బాబా పద్ధతి వేరు. సాయంత్రం నెగడు చల్లారాక ఇసుకలో మనిషి పొడవున గుంట తవ్వించి, అందులో నిప్పులు పరిపించి, పైన జానెడు ఇసుక కప్పించి, దాని మీద పరుపు వేయించేవాడు. "నిప్పు నీ కింద ఉండాలి, నీతో పాటు గదిలో ఉండకూడదు" అన్నాడు నాతో మొదటి రోజే. డేరాలోకి కుంపటి తేనిచ్చేవాడు కాదు. ఎందుకని నేను అడగలేదు. పెద్దవాళ్లకు ఇలాంటి పట్టింపులు ఉంటాయనుకున్నాను. ఆ ఇసుక పడక మీద మాత్రం నేను పడ్డ సుఖం అంతా ఇంతా కాదు. వీపు కింద నేలే మనిషిలా వెచ్చగా ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండేది.

వాళ్లు వేటాడేది హుబారా అనే పిట్టను. మన బట్టమేక పిట్టకు తమ్ముడి వరస, ఇసుక రంగులో ఇసుక మీద నడుస్తుంది, కదలకపోతే కనబడదు. బాబా పొద్దున్నే ఇసుక మీద మోకాళ్లూని కాలి గుర్తులు చదివేవాడు. చాలా రోజులు ఆ చదువుకు ఫలితం దక్కలేదు. తిరిగి తిరిగి, సాయంత్రానికి నేల పగిలిన చోట తవ్వి మట్టిలో పుట్టే దుంపల్లాంటి పుట్టగొడుగులు ఏరుకుని వచ్చేవాళ్లం. ఖాలిద్‌కు అదే పెద్ద వేట. చివరకు రేపు వెళ్లిపోదాం అనుకున్న రోజు పొద్దున బాబా ఒక్కసారిగా చెయ్యెత్తాడు. అందరం ఆగిపోయాం. నాకేమీ కనబడలేదు. ఆయన దొరసాని టోపీ తీశాడు. అది తల చాచి, ఒంటిని సన్నగా చేసుకుని, మరుక్షణం చేతి మీద లేదు. నేల మీద ఒక ఇసుకముద్ద లేచి పిట్టై ఎగిరింది. దొరసాని దాన్ని పైనుంచి కాదు, వెనక నుంచి, నేలకు బారెడు ఎత్తులో తరిమింది. పికప్పు వెనకాల నిలబడి నేను ఏ భాషలో అరిచానో నాకే తెలియదు. అందుకోబోయిన క్షణంలో ఆ హుబారా చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. వెనకనుంచి ఆకుపచ్చటి బంక రెట్ట పిచికారీలా దొరసాని మొహం మీదా రెక్కల మీదా కొట్టింది. దాని ఆయుధం అదేనట. రెక్కలు అతుక్కుపోయి దొరసాని ఇసుకలో దొర్లింది, హుబారా దర్జాగా ఎగిరిపోయింది. ఖాలిద్ కడుపు పట్టుకుని నవ్వాడు. బాబా నవ్వలేదు. డేగను ఎత్తుకుని వచ్చి, "రాజూ, వేణ్నీళ్లు" అన్నాడు. ఆయన పట్టుకుంటే నేను గుడ్డ ముంచి ఒక్కో ఈకా తుడిచాను. దాని గుండె ఆ చిన్న ఒంట్లో ఎంత గట్టిగా కొట్టుకుంటుందో నాకు ఆరోజే తెలిసింది.

మధ్యాహ్నానికి మబ్బు పట్టి వాన మొదలైంది. గాలి అడ్డంగా కొడుతోంది. హంజాకు ముందు రోజు నుంచీ జ్వరం, డేరా మూలన దుప్పట్లలో వణుకుతూ పడుకున్నాడు. దొరసాని తడి ఆరలేదు. బాబా తడిసిన బట్టలు మార్చుకుని అలసటతో ఒరిగి కళ్లు మూశాడు. అప్పుడు ఖాలిద్, బయట పికప్పు చాటున బాగా రాజుకున్న బొగ్గులతో కుంపటి నింపి డేరాలోకి తెచ్చాడు. "పాపం హంజా పళ్లు చూడు, ఊడి పడేలా ఉన్నాయి. పిట్ట కూడా ఆరుతుంది. పొగ లేదుగా, అంతా ఎర్రటి నిప్పే" అన్నాడు. నిజంగానే పొగ లేదు. వాన లోపలికి కొడుతోందని గుమ్మం గుడ్డ కిందిదాకా లాగి కట్టాడు. నన్ను అల్లం పాలు కాచమన్నాడు. నేను పికప్పు పక్కన పరదా కట్టి, గ్యాసు పొయ్యి వెలిగిస్తే గాలి ఆర్పేది, మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆర్పేది. పాలు పొంగడానికి చాలాసేపు పట్టింది. ఆ ఆలస్యానికి ఎంత తిట్టుకున్నానో.

పళ్లెంలో గ్లాసులు పెట్టుకుని గుమ్మం గుడ్డ తప్పించి లోపలికి వెళ్లాను. బయట చలిలోంచి వచ్చిన నాకు ఆ వెచ్చదనం మొహాన దుప్పటి కప్పినట్టు హాయిగా తగిలింది. "బాబా, పాలు" అన్నాను. ఆయన సగం కళ్లు తెరిచి నన్ను చూసి, "ఊఁ" అన్నాడు. చెయ్యి చాచలేదు. ఖాలిద్ దిండుకు ఆనుకుని ఏదో చెబుతున్నాడు, మాటలు ముద్దముద్దగా ఉన్నాయి. పళ్లెం ఎక్కడ పెట్టాలా అని చూస్తే గూటం మీద దొరసాని లేదు. తివాచీ మీద పక్కకు ఒరిగి ఉంది, ఒక రెక్క విసనకర్రలా తెరుచుకుని. కాళ్ల గోళ్లు ముడుచుకుపోయాయి.

"బాబా! షేఖా పడిపోయింది!" అన్నాను. ఆయన నెమ్మదిగా అటు చూసి, "పడుకుంది" అన్నాడు. డేగలు అలా పడుకోవని నాకు చెప్పింది ఆయనే. అప్పుడు నాకు భయం వేసింది. ఏమి భయమో తెలియదు, ఏదో తప్పుగా ఉందన్నంత వరకే. నేర్చుకున్న హిందీ, అరబ్బీ అంతా ఎటో పోయింది. "లేవుండ్రి! బయటికి రాండ్రి! లేవుండ్రయ్యా!" అని అరిచాను. ఆ డేరాలో తెలుగు వచ్చినవాడు నేనొక్కడినే. ఇద్దరూ పసిపిల్లను చూసినట్టు నన్ను చూసి నవ్వారు. అప్పుడు వంగి, ఎన్నడూ ముట్టుకోని ఆ దొరసానిని వట్టి చేతులతో ఎత్తి, ఫర్వా లోపల ఎదకు అదుముకుని వానలోకి పరుగెత్తాను.

వెనక నుంచి గావుకేక వినబడింది. "రాజూ! దించు! దాన్ని దించు!" తిరిగి చూస్తే బాబా మోకాళ్ల మీద పాకుతూ గుమ్మం దాటి, గుడ్డ చింపుకుని లేచి, తూలుతూ నా మీదికి వస్తున్నాడు. తన ప్రాణం కోసం కదలని మనిషి పిట్ట కోసం లేచాడు. ఆయన అరుపుకు అదిరిపడి వెనకే ఖాలిద్. నేను పరుగెత్తుతున్నాను, వాళ్లు తరుముతున్నారు, ముగ్గురం వానలో. బాబా నన్ను అందుకోబోయి జారి నీటి మడుగులో బోర్లా పడ్డాడు. అక్కడే వాంతి చేసుకున్నాడు. లేచి కూర్చుని మొహమంతా వాన పడుతుండగా రెండుసార్లు గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. కళ్లలోకి వెలుగు వచ్చింది. నా వైపు చూశాడు, ఖాలిద్ వైపు చూశాడు, డేరా వైపు చూశాడు. "కుంపటి లోపల పెట్టింది ఎవరు?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. "హంజా!"

అప్పుడు ఆయన చేసింది చూసి మతి పోయిందేమో అనుకున్నాను. లేచి నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చి, రెండు వేళ్లతో ముక్కు గట్టిగా నొక్కి పట్టుకుని, నోరు బిగించి డేరాలోకి దూరాడు. నేను దొరసానిని ఖాలిద్ చేతుల్లో పెట్టి, డేరా పక్క తాళ్లు విప్పి గోడ గుడ్డ ఎత్తి పట్టుకున్నాను. చేతులు చలికి కొంకర్లు పోయి ముడి ఊడదు, పళ్లతో లాగాను. లోపల ఆయన ఒక చేత్తో ముక్కు వదలకుండా, రెండో చేత్తో హంజా కాలు పట్టుకుని, పరుపుతో సహా ఈడుస్తున్నాడు. గుమ్మం దగ్గర రెండో కాలు నేను అందుకున్నాను. హంజా వానలో వెల్లకిలా పడ్డాక గానీ ఆయన వేళ్లు ముక్కు మీంచి తీయలేదు. తీసి, ఆవులించినట్టు పెద్దగా నోరు తెరిచి గాలి మింగాడు. హంజా మొహం ఎర్రగా, ఎంతో ఆరోగ్యంగా ఉన్నవాడిలా ఉంది. చొక్కాలో పేపర్లు తడిసి బయటికి వచ్చాయి. చెంపల మీద కొట్టి పిలిస్తే చాలాసేపటికి ఒక్క మూలుగు.

దగ్గరి పట్టణం ఆసుపత్రి చాలా దూరం. ఖాలిద్ తలనొప్పితో కళ్లు చిట్లిస్తూనే అద్దాలన్నీ దించి బండి నడిపాడు, ఏడుస్తూ నడిపాడు. వెనక హంజా తల నా ఒళ్లో, కాళ్లు బాబా ఒళ్లో. దొరసాని బాబా అంగీలో. "ముక్కు ఎందుకు పట్టుకున్నారు బాబా?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడకపోతే వణుకు ఆగేలా లేదు. ఆయన చెప్పాడు. "మా నాన్న ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. నడక తర్వాత నాకు నేర్పిన మొదటి పని ఊపిరి పట్టడం. కింద ఉన్నంతసేపు గాలి నీది కాదు, పైకి వచ్చాక తీసుకో, అనేవాడు." అని హంజా పాదాలు రెండు చేతులతో రుద్దడం మొదలుపెట్టాడు. "చూడు, అరికాళ్లు మంచులా ఉన్నాయి. ఇంటికెళ్లాక మామా మనల్ని చంపుతుంది."

హంజా బతికాడు. ఆసుపత్రిలో బొగ్గుల విషగాలి ఒంటికి ఎక్కిందని చెప్పి మూతికి గొట్టం పెట్టి కొన్ని రోజులు ఉంచుకున్నారు, తర్వాత మామూలుగా తిరిగాడు. ఆ వేట పేరెత్తితే మాత్రం తలనొప్పి వచ్చిందని నుదురు పట్టుకునేవాడు. చాలా ఏళ్లు వండి, మలబారులో మనవళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. దొరసాని రెండు రోజులు తల వాల్చి కూర్చుని, మూడో రోజు పావురాన్ని ఈకలతో సహా చీల్చి తింది. ఉమ్ రాషిద్ తమ్ముణ్ణి వరండా దాటి లోపలికి రానివ్వలేదు. పాపం ఖాలిద్ గుమ్మం బయట నిలబడి కిటికీలోంచి క్షమాపణలు చెప్పేవాడు. "పిట్ట నయం, గాలి చెడగానే పడిపోయి చెప్పింది. మీరు దిండ్లకు ఆనుకుని నవ్వుతున్నారట!" అని ఆమె లోపల్నుంచి. నాకు మాత్రం ఆ వారమంతా తినడమే పని. ఆమె ఎదురుగా కూర్చుని పళ్లెం ఖాళీ కానిచ్చేది కాదు.

బుసైతీన్ అంతా ఒక కథ పాకింది. రాజు తెలివైనవాడు, మనుషులు తమకోసం లేవరని తెలిసి కావాలనే డేగను ఎత్తుకుపోయాడు అని. ఎవరడిగినా నేను తల ఊపి ఊరుకున్నాను. నిజానికి అంత ఆలోచన నాకు ఎక్కడిది? ముగ్గురు మనుషులు, ఒక పిట్ట. నేనొక్కణ్ణే ఎత్తగలిగింది పిట్టనే.

ఈకలు రాల్చే కాలం వచ్చే ముందు బాబా దొరసానిని వదిలేశాడు. పాతకాలపు వేటగాళ్లకు ఆ అలవాటు ఉందట, ఒక చలికాలం పని చేయించుకుని ఎండలు ముదిరే లోపు ఆకాశానికి తిరిగి ఇచ్చేయడం. బహ్రెయిన్‌లోనే సఖీర్ ఎడారి దాటి దక్షిణాన ఎవరూ లేని చోటికి తీసుకెళ్లి కాలి తోలుపట్టీలు కోశాడు. అది ఎగిరి, ఒక చుట్టు చుట్టి, వచ్చి పికప్పు మీద కూర్చుంది. బాబా చేతులూపి అదిలించాడు. అది ఇంకో చుట్టు చుట్టి వచ్చి బానెట్ మీద కూర్చుంది. "యల్లా! పో!" అని అరుస్తూనే ఆయన నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. చివరికి మేమే ఓడిపోయి బండెక్కి వెళ్లిపోయాం. కొంత దూరం నీడలా వెంట వచ్చింది, తర్వాత ఎక్కడ మళ్లిందో చూడలేదు.

ఇప్పుడు సఖీర్‌లో చలికాలపు డేరాలు చూస్తే ఒక పట్టణంలా ఉంటాయి. జనరేటర్లు, హీటర్లు, పెద్ద టీవీలు, డేరా లోపల సోఫాలు. పొయ్యి గాలి చెడితే కుయ్‌మని అరిచే చిన్న డబ్బాలు గోడలకు వేలాడుతుంటాయి. డేగల తోకలకు అవి ఎక్కడున్నాయో చెప్పే మర కట్టి ఉంటుంది, జలుబు చేస్తే వాటికి వేరే ఆసుపత్రి ఉంది. ఇవన్నీ మంచివే. మాకు ఆ కుయ్‌మనే డబ్బా ఒకటుంటే హంజా అన్నేళ్లు తలనొప్పితో బాధపడేవాడు కాదు. అయినా ఆ డేరాల్లో చేతులు చాచి కాచుకునేందుకు నడుమ ఏమీ ఉండదు కాబట్టి, మనుషులు ఎవరి మూల వాళ్లు కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. మేం చలికి దగ్గర దగ్గరగా ముడుచుకుని కూర్చోవడం వల్లే ఒకరి భాష ఒకరికి అంతో ఇంతో అబ్బిందేమో. నాకు వచ్చిన అరబ్బీలో సగం ఆ ఇసుక పడకల మీద నేర్చుకున్నదే.

పోయిన శుక్రవారం బాబా కొడుకు రాషిద్ మా లాండ్రీ ముందు బండి ఆపాడు. అతని గడ్డం నెరిసింది. "నాన్న నిన్ను తీసుకురమ్మన్నాడు. పిల్లలందరూ వచ్చారు" అన్నాడు. సఖీర్‌లో వాళ్ల డేరా ముందు బాబా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి, ఒళ్లు సగమైంది, ఫర్వాలో మనిషిని వెతుక్కోవాలి. నన్ను చూడగానే పక్కన చాప తట్టాడు. ముందే మొదలుపెట్టిన కథను ఆపకుండా కొనసాగించాడు. చుట్టూ మనవలు, మునిమనవలు. ఆ కథలో వాన మూడు రోజులు కురిసింది. దొరసాని గొర్రెపిల్లంత ఉంది. నేనైతే ఒక చేత్తో డేగను, ఒక చేత్తో డేరాను ఎత్తుకుని పరుగెత్తే వీరుణ్ణి. పిల్లలు నా పొట్టి ఆకారం కేసి, నెరిసిన తల కేసి నమ్మలేనట్టు చూశారు. "అలా రాజు వల్ల అందరం బతికాం. ఖలాస్" అని ఆయన ముగించాడు.

"హంజాను ఎవరు తీసుకొచ్చారు?" అని ఒక చిన్నపిల్ల అడిగింది.

"అతనే వచ్చాడు" అన్నాడు బాబా, ఇసుక వైపు చూస్తూ.

ఇన్నేళ్లుగా ఆయన ఈ కథ ఎన్ని చోట్ల చెప్పాడో, ప్రతిచోటా ఇక్కడ ఇలాగే దాటేశాడని అప్పుడు అర్థమైంది. బుసైతీన్‌లో నన్ను పొగిడినప్పుడు నేను ఊరుకున్నట్టే, ఇక్కడా ఊరుకోవచ్చు. కానీ నోరు ఆగలేదు. "అతను రాలేదు" అన్నాను నా విరిగిన అరబ్బీలో. "మీ తాత ముక్కు పట్టుకుని లోపలికి మునిగాడు. ఎడారిలో. ఊపిరి బిగబట్టి, కాలు పట్టి బయటికి లాగాడు. నేను చూశాను."

పిల్లలు ఒక్కసారిగా ఆయన మీద పడ్డారు. నిజమా, ఎంతసేపు, చేసి చూపించు అని. "ఎప్పటి మాటలు, వదలండి" అని ఆయన చెయ్యి విసిరాడు. వాళ్లు వదల్లేదు. నా వైపు కోపంగా చూడబోయి చూడలేక, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. రెండు వేళ్లతో ముక్కు పట్టుకుని, నోరు బిగించాడు. పిల్లలు వేళ్లు మడుస్తూ అరబ్బీలో లెక్కపెట్టసాగారు, వాహిద్, ఇత్నేన్, తలాతా. లోపల ఆడవాళ్ల డేరాలోంచి ఉమ్ రాషిద్ గొంతు వినబడింది. "ముసలాయనను చంపుతారా ఏమిటి? చాలించండి!" లెక్క ఇరవై దాటింది. ఆయన ముక్కు వదల్లేదు. మొహం ఎర్రబడుతోంది, బుగ్గలు ఉబ్బాయి, ఒక్క కన్ను మాత్రం తెరిచి, ఎలా ఉంది అన్నట్టు నా కేసి చూశాడు.